తాళంచెవి లేకుండా తాళాల మెకానిక్ తాళం ఎలా తీస్తాడు?

తాళంచెవి పోయినా, తాళం పగలగొట్టకుండానే మెకానిక్ తలుపు తీసేస్తాడు. అదెలా అంటే, తాళం తయారీలో ఉండే చిన్న లోపం వల్ల.

గుండ్రటి సిలిండర్ తాళంలో మామూలుగా ఐదారు పిన్నులుంటాయి. ఒక్కోటీ రెండు ముక్కలు, పైన స్ప్రింగు. సరైన చెవి పెడితే ఆ ముక్కల మధ్య సందులన్నీ సిలిండర్ అంచుకు సమానంగా వస్తాయి, సిలిండర్ తిరుగుతుంది.

మెకానిక్ టెన్షన్ రెంచ్ అనే వంచిన రేకును కింద పెట్టి సిలిండర్‌ను కొద్దిగా తిప్పి పట్టుకుంటాడు. పిన్నుల రంధ్రాలు ఎంత బాగా చేసినా ఒకే వరుసలో ఉండవు కాబట్టి ముందు ఒక్క పిన్నే బిగుసుకుంటుంది. దాన్ని పిక్ అనే సన్నటి కొక్కెంతో పైకి నెడితే చిన్నగా 'టిక్' మంటుంది, సిలిండర్ వెంట్రుకవాసి కదులుతుంది. తర్వాత ఇంకోటి. బలం ఎక్కువైతే అన్నీ పట్టేస్తాయి, మళ్లీ మొదటికే! సినిమాల్లో ఒక్క హెయిర్‌పిన్‌తో తీసేస్తారు గానీ, ఈ పనికి రెండు పనిముట్లు కావాలి.

కొత్త చెవే కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. గాట్లు లేని చెవి పెట్టి గట్టిగా తిప్పుతారు. పిన్నులు ఒత్తిన చోట సన్నటి మచ్చలు పడతాయి. అక్కడ ఆకురాయితో కాస్త రుద్ది, మళ్లీ పెట్టి చూస్తారు. మచ్చ పడటం ఆగితే ఆ గాటు లోతు సరిపోయినట్టే.

1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు, ఎవరూ తీయలేరనుకున్న బ్రామా కంపెనీ తాళాన్ని తీశాడు. పట్టిన సమయం 51 గంటలు, అదీ 16 రోజుల్లో.