స్తంభం ఎక్కకు, ముందు గోడలు చూడు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పాతింట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటానంటున్నావట. తాళం పడిన ఇంట్లో మళ్లీ దీపం పెడతానంటే కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? కానీ నిద్ర మాత్రం పట్టలేదు. ఆ ఇల్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో, రాగి తీగ చిట్టచివర ఉంది. వీడియో కాల్ మధ్యలో నీ మొహం బిగుసుకుపోయి, అవతల మీ మేనేజరు ‘హలో, హలో’ అంటుంటే నీకెంత టెన్షనో ఊహించుకుంటూ తెల్లారేదాకా దొర్లాను.

ముందే ఒక మాట. అక్కడికి ఫైబర్ వచ్చినా, ఇంటి మీద యాంటెనా పెడితే మొబైల్ సిగ్నల్ అందినా, ఆ లైను జోలికే పోకు. రాగి మీద మమకారం నాది, నీకెందుకు? అవేవీ లేకపోతేనే ఈ ఉత్తరం.

అర మిల్లీమీటరు రాగి తీగ మీద సిగ్నల్ కిలోమీటరుకు దాదాపు 14 డెసిబెల్స్ కోల్పోతుంది. మన లైనుకి మోడెమ్ పేజీలో అటెన్యుయేషన్, అంటే దారిలో పోయిన సిగ్నల్, 62 అని చూపించేది. ఏడీఎస్ఎల్ 2 ప్లస్, అంటే ఫోన్ తీగ మీద వచ్చే ఈ బ్రాడ్‌బ్యాండ్, 24 ఎంబీపీఎస్ ఇస్తుందంటారు కానీ, అది ఎక్స్ఛేంజి గోడ పక్కన ఉన్నవాళ్ల భాగ్యం. పైనున్న ఫ్రీక్వెన్సీలన్నీ మన దాకా రాకుండా దారిలోనే ఆరిపోతాయి. నీకు ఒకటి, ఒకటిన్నర వస్తే పండగే. వేగం కోసం పాకులాడకు. తెగకుండా ఉంటే చాలు.

లైనును తిట్టే ముందు వైఫై ఆపి, కేబుల్‌తో పెట్టి చూడు. ఫోన్ ఉన్న ప్రతిచోటా మాటనీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్ ఉండాలి. మోడెమ్‌ను లైను ఇంట్లోకి దిగే చోటే పెట్టు. నీ బల్ల దూరమైతే ఈథర్‌నెట్ కేబుల్ లాక్కో, 100 మీటర్ల దాకా దానికి ఢోకా లేదు. ఫోన్ వైరును మాత్రం ఇంట్లో అటూ ఇటూ తిప్పకు.

ఎందుకంటున్నానో విను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలీదు.

ముప్ఫై ఏళ్లు లైన్లు చూసినవాణ్ణి కదా, మన ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించినప్పుడు నాకు చెప్పేవాడెవడు అనుకున్నాను. ఎండాకాలం బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక గంటకోసారి తెగడం. తప్పు బయటే ఉందని తేల్చేశాను. మూడు మోడెమ్‌లు మార్చాను. దారిలో ఉన్న ప్రతి జాయింటూ విప్పించి, కొత్తగా కట్టించి, తడి చొరని జెల్ కనెక్టర్లు వేయించాను. స్తంభం దగ్గర ఇళ్లకు లైన్లు చీలే డీపీ బాక్స్ కూడా మార్పించాను. అయినా అంతే. లైన్‌మన్ కుర్రాడొకడు పాపం వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఒకరోజు తడిసి ముద్దై గుమ్మంలో నిలబడి, ‘సార్, ఇంట్లో ఇంకో ఫోన్ ఏమన్నా ఉందా?’ అని అడిగాడు. ‘నాకు పాఠాలు చెప్తావా, లేదు పో’ అన్నాను. నిజమే, ఫోన్ లేదు. వైరు ఉంది.

మీ అమ్మమ్మ మంచాన పడ్డాక పెరటి గదిలోకి మార్చాం, గాలి బాగా వస్తుందని. కూతుళ్లు ఫోన్ చేస్తే లేచి రాలేదు కదా, అందుకని నేనే చూరు వెంబడి వైరు లాగి ఆమె తలాపున ఒక ఫోన్ పెట్టాను. ఆమె పోయాక ఫోన్ తీసేశాం. వైరు సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొలిస్తే 60 మీటర్ల పైనే ఉంది. ఒక కొస మెయిన్ లైనుకి కలిసే ఉంది, రెండోది ఉత్తిగా గోడకు వేలాడుతోంది. ఫోన్ మాట్లాడుకోవడానికి అలాంటి వైరు అడ్డం కాదు. బ్రాడ్‌బ్యాండ్‌కి మాత్రం శని. సిగ్నల్ అందులోకి పోయి, ఆ కొసకు కొట్టుకుని వెనక్కి వచ్చి, అసలు సిగ్నల్‌నే చెరుపుతుంది. పైగా గాల్లో ఉన్న చప్పుడంతా యాంటెనాలా పట్టి లోపలికి తెస్తుంది. వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లితే సరేసరి.

నాలుగు నెలలకు, సున్నం వేయిద్దామని ఆ గదిలోకి వెళ్తే కనిపించింది. మేకుకు చుట్టిన వైరు, చిలుం పట్టిన రెండు రాగి కొసలు. అక్కడే చతికిలబడిపోయాను. మెయిన్ దగ్గర దాన్ని విడదీసిన అయిదు నిమిషాలకు ఎస్ఎన్ఆర్ మార్జిన్, అంటే లైను తెగకుండా ఉండటానికి కావాల్సినదాని కన్నా సిగ్నల్ ఎంత మిగులుందో చెప్పే అంకె, 4 నుంచి 9కి ఎక్కింది. ఆ కుర్రాడికి చెబుదామని వెళ్తే అప్పటికే వేరే చోటికి బదిలీ అయిపోయాడు.

కాబట్టి నువ్వు మొదట చెయ్యాల్సింది ఒక్కటే. లైను దిగే చోట లోపలి వైరింగ్ అంతా విప్పేసి, మోడెమ్ ఒక్కటే తగిలించి రెండు రోజులు నడుపు. బాగుందా, తప్పు ఇంట్లో. లేదా, బయట.

బయటదైతే ఫోన్ ఎత్తి విను. గరగర ఉంటే ‘నెట్ స్లో’ అనకు, ‘ఫోన్‌లో శబ్దం’ అని కంప్లయింట్ పెట్టు. ఎవరైనా ఫోన్ చేసి బెల్ మోగగానే నెట్ తెగుతోందంటే ఎక్కడో జాయింట్ చిలుం పట్టిందని అనుకో.

మార్జిన్ ఎంతుందో మధ్యాహ్నం చూసి మురిసిపోకు, రాత్రి తొమ్మిదికి రాసుకో. చీకటి పడితే దూరపు మీడియం వేవ్ స్టేషన్లు ఆకాశం నుంచి వెనక్కి తిరిగి మన తీగ మీద వాలతాయి. వాటి ఫ్రీక్వెన్సీలు మన బ్రాడ్‌బ్యాండ్ వాడే వాటిలోనే పడతాయి. రాత్రి 6 కన్నా కిందికి జారుతుంటే, టార్గెట్ మార్జిన్, అంటే లైను కలిసేటప్పుడు ఉంచుకునే మిగులు, 9కో 12కో పెంచమని ఎక్స్ఛేంజి వాళ్లను అడుగు. వేగం కొంత పోతుంది, పోనీ. తెగినప్పుడల్లా కోపంతో మోడెమ్ ఆపి వెయ్యకు, నీకా అలవాటు ఉంది. అవతలి సిస్టమ్ లైనే బాగాలేదనుకుని ఉన్న వేగం కూడా కోసెయ్యొచ్చు. ఇంట్లో ఏ చార్జరో చప్పుడు చేస్తోందని అనుమానమొస్తే, చిన్న ట్రాన్సిస్టర్ రేడియోని మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ పలకని చోటికి తిప్పి ఒక్కో ప్లగ్గు దగ్గరికీ తీసుకెళ్లు. దొంగ దగ్గర బుర్రుమంటుంది.

ఇక స్తంభం. నిచ్చెన వేసుకుని చూద్దామని నీకు బుద్ధి పుడుతుంది, నాకు తెలుసు. పుట్టనివ్వకు. చిన్నప్పుడు నా కుడిచేతి వేళ్లు రెండు ఎందుకు వంగవని అడిగేదానివి, మొసలి కరిచిందని చెప్పేవాణ్ణి. మొసలి కాదే. ఫోన్ తీగే కదా అని పట్టుకున్నాను, అరకిలోమీటరు అవతల దాని మీద కరెంటు తీగ తెగిపడి ఉంది. అలాగే మబ్బు పట్టగానే మోడెమ్‌కి కరెంటూ, ఫోన్ లైనూ రెండూ పీకెయ్. ఉరుము వినపడేదాకా ఆగకు. మీటింగ్ ఉందంటావేమో, పోతే పోనీ. పీకేశాక నాకో మెసేజ్ పెట్టు, లేకపోతే నేనే ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చుంటాను.

పెరటి గదిలో ఆ మేకుకు ఇంకా బెత్తెడు వైరు వేలాడుతూ ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు దాన్ని తియ్యకు. అది ఏ లైనుకీ కలిసి లేదు, నేను చూశాను.

మీ మామయ్య