కొరింథు పత్రిక చదివే ముందు

బాబూ, ప్రభువు నామంలో వందనాలు.

యువజన కూడికలో కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదలుపెడుతున్నానని రాశావు. వ్యాఖ్యానాల జోలికి వెళ్లకముందు 16 అధ్యాయాలూ కూర్చున్న పట్టున చదివెయ్. గంట పైచిలుకు పడుతుంది. మన చేతిలో ఉన్నది ఒక పక్క ఉత్తరమే. పౌలు అంతకుముందు రాసినది (5:9) దొరకలేదు, కొరింథువాళ్లు ఆయనకు రాసిందీ లేదు.

రెండోసారి రెండు రంగుల పెన్సిళ్లు పెట్టుకో. పౌలు చెవిన పడ్డ సంగతులకు ఒకటి: 1:11లో క్లోయె ఇంటివారు చెప్పిన కలహాలు, 5:1, 11:18. వాళ్లు రాసి అడిగినట్టున్నవాటికి రెండోది: 7:1, 7:25, 8:1, 12:1, 16:1. మొదటి రకం దగ్గర గద్దిస్తాడు, రెండో రకం దగ్గర తూచి మాట్లాడతాడు. 7:1లో స్త్రీని ముట్టకుండుట మేలన్నది కొరింథువాళ్ల మాటేనని చాలామంది పండితుల అభిప్రాయం. 2–5 వచనాలు వదిలేసి ఆ ముక్క మీద ప్రసంగిస్తే, పౌలు సరిదిద్దుతున్నదాన్నే ఆయన బోధ అన్నట్టవుతుంది.

ఇక ఊరు. రోమీయులు పాత కొరింథును క్రీ.పూ. 146లో నాశనం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని రోమా వలసపట్టణంగా మళ్లీ నిలబెట్టాడు. అక్కడికి పంపినవాళ్లలో విడుదలైన బానిసలు ఎక్కువ. వంశం చెప్పుకోలేని చోట డబ్బూ వాగ్ధాటే పరువు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను (అపొల్లో మరో బోధకుడు) అనే గొడవను అక్కణ్నుంచి చూడు. అఫ్రొదితె అనే గ్రీకు దేవత గుడిలో వెయ్యిమంది వేశ్యలన్న కథ మాత్రం చెప్పకు. ఆనాటి గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాసింది పాత ఊరి గురించి, దాన్నీ చరిత్రకారులు అనుమానిస్తారు. కాలానికి ఆధారం, పౌలును తీసుకొచ్చి నిలబెట్టిన రోమా అధిపతి గల్లియోను (అపొ.కా. 18:12) పేరున్న, గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం: పౌలు కొరింథులో ఉన్నది క్రీ.శ. 51 ప్రాంతం. పత్రిక మూడు నాలుగేళ్ల తర్వాత ఎఫెసులో రాసింది (16:8).

విగ్రహాలకు అర్పించినవి తినడం గురించిన 8–10 అధ్యాయాల్లో మూడు చోట్లను కలిపెయ్యకు: గుడిలో విందు (8:10), అంగట్లో మాంసం (10:25), పిలిచినవాళ్ల ఇంట్లో భోజనం (10:27). చోటును బట్టి జవాబు మారుతుంది. ప్రసాదం సంగతి ఎవరో ఒకరు అడగకమానరు. ముందు ఈ మూడూ వాళ్లచేతే చదివించు.

అన్నిటికంటే ఎక్కువ సమయం 11:17–34కి ఉంచు. మన సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర 27వ వచనం ఒక్కటే చదివేసరికి, అయోగ్యంగా తినడమంటే ఎవరి రహస్య పాపం వారిదే అనుకుంటారు. 21, 22 చూడు: కొందరు ముందే తిని మత్తులో ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో సిగ్గుపడుతున్నారు. ఆనాటి ధనికుల ఇళ్లలో భోజనశాల మంచాలపై తొమ్మండుగురికే చోటు. మిగతావాళ్లు ముంగిట్లో కూర్చునేవారేమో. అందుకే 33లో పౌలు ఒకరికోసం ఒకరు ఆగమంటాడు. 27ని దానితో కలిపి చదివించు.