రాత్రంతా నానబెట్టినా ముక్క లోపల చప్పగా ఎందుకుంటోంది?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఎగతాళిగా కాదు, కొన్నేళ్ల కిందటి మా వంటిల్లు గుర్తొచ్చి. తందూరీ చికెన్‌కి రాత్రంతా మసాలా పట్టించినా లోపల చప్పగా, పైన మాడి చేదుగా వస్తోందన్నారు, థాయ్ గ్రీన్ కర్రీ చేస్తే కొబ్బరిపాలలో పచ్చిమిర్చి కలిపినట్టుందన్నారు, ఆ కూరలో వాసనకి వేసే నిమ్మజాతి ఆకులు, కాఫిర్ లైమ్ ఆకులు, వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతాయని కూడా అడిగారు. మొదటి రెండూ నేను చేసి చేసి అలిసిపోయిన తప్పులే కాబట్టి వాటి గురించి ధైర్యంగా చెప్తాను.

కారం, ధనియాల పొడి, గరం మసాలా ఇవేవీ ముక్క లోపలికి దిగవండీ. పన్నెండు గంటలు పెట్టినా పైపైనే ఉంటాయి. లోపలిదాకా వెళ్లేది ముఖ్యంగా ఉప్పు. మనమేమో మసాలా గుప్పిళ్లతో వేసి, ఉప్పు దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగబడతాం, తర్వాత చూసుకుందాంలే అని. కూరలో అయితే తర్వాత చూసుకోవచ్చు, కాల్చే ముక్కకి ఆ తర్వాత అనేది ఉండదు. నేనిప్పుడు ఎముకలున్న కిలో చికెన్‌కి తలకొట్టి రెండు టీస్పూన్ల మెత్తటి ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, పసుపు, కాస్త కారం మాత్రమే వేసి, ఎముక తగిలేదాకా గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి వేలితో రుద్ది అరగంట వదిలేస్తాను. గిన్నెలో ఊరిన నీళ్లు వంపేశాకే పెరుగు, అల్లం వెల్లుల్లి, కాశ్మీరీ కారం, ఆవనూనె, కసూరి మేతి, కమ్మగా వేయించిన చెంచాడు శనగపిండి. ఈ రెండో పూత నాలుగైదు గంటలుంటే చాలు.

ఆ పెరుగు మాత్రం గిన్నెలోంచి తీసి అలాగే వేయకండి. సగం గొడవ అక్కడే. మా ఇంట్లో పాత పంచె ముక్కలో అర లీటరు పెరుగు మూటకట్టి రాత్రి సింకు కుళాయికి వేలాడదీస్తే, పొద్దున్నకి కింద పెట్టిన స్టీలు గిన్నెలో పచ్చటి నీళ్లు గ్లాసుడు దిగుతాయి, మూటలో వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. ఆ గ్లాసుడు నీళ్లూ ముక్క మీదే ఉంటే పెనం మీద ముందు అది ఉడుకుతుంది, నీరు ఇంకేసరికి లోపల పీచు పీచు అయిపోతుంది, అప్పుడు రంగు రాలేదని మంట పెంచుతాం, మసాలా మాడుతుంది. మీ చేదు ఎక్కడినుంచి వస్తోందో చూశారా? పెనం కూడా ఇరికించకండి, నాలుగేసి ముక్కలే. (ఆ నీళ్లు పారబోయకండి, చపాతీ పిండిలో కలపండి.)

ఇంక బొప్పాయి. ఒకసారి మా ఆడపడుచు వాళ్లు శ్రీకాకుళం నుంచి వస్తున్నారని, మెత్తగా రావాలని కిలో చికెన్‌కి అర కప్పు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న ముక్క పట్టుకుంటే ఎముక నా చేతిలోకి వచ్చింది, మాంసం గిన్నెలో ఉండిపోయింది. అదే వేయించి వడ్డిస్తే మా అత్తయ్య ఒక ముద్ద తిని, "ఏటమ్మా ఇది, కోడి ఉప్మానా?" అన్నారు. పచ్చి బొప్పాయిలో పపైన్ అని మాంసకృత్తుల్ని కోసేసే ఎంజైమ్ ఉంటుంది, అనాసలోనూ కివీలోనూ అలాంటివే ఉన్నాయి. ముదురు మటన్‌కి కిలోకి ఒక చెంచా, గంటా రెండు గంటలు, అంతే. చికెన్‌కి అసలు అవసరమే లేదు. కొరియా వాళ్లు బుల్గోగీలో, అంటే సన్నగా కోసి మసాలా పట్టించి కాల్చే మాంసంలో, బేరిపండు తురిమి వేసేది కూడా కొంత ఇందుకే, కానీ అక్కడా ముక్కకి రుచి పట్టించేది సోయా సాస్‌లోని ఉప్పే.

చేపల విషయానికొస్తే, హార్బర్ నుంచి తెచ్చిన తాజా వంజరానికి ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పెడితే ఆ పులుపుకే పైపొర తెల్లబడి, ఉడికినట్టయి, వేయించేటప్పుడు పొరలు పొరలుగా ఊడిపోతుంది.

థాయ్ కర్రీకి వద్దాం. మీరు కొబ్బరిపాలు మరిగించి అందులో పచ్చిమిర్చి మసాలా నూరిన పేస్ట్ కలిపారని నా అనుమానం. అక్కడి పద్ధతి వేరు. చిక్కటి మొదటి పాలు ఫ్రిజ్‌లో పెడితే మీగడలా పైకి తేలుతుంది చూడండి, ముందు అదొక్కటే మూకుట్లో వేసి, అది విరిగి నూనె తేలేదాకా ఉడికించి, ఆ నూనెలో పేస్ట్‌ను వేయించాలి. పచ్చివాసన పోయి ఘాటుకి దగ్గు వచ్చాక ముక్కలు, ఆ తర్వాతే పల్చటి పాలు. మనం ఉల్లి, అల్లం ముద్ద నూనె వదిలేదాకా వేయిస్తాం కదా, అదే లెక్క. డబ్బా పాలు చాలావాటిలో విరగకుండా ఏదో ఒకటి కలుపుతారు, ఎంతసేపు కూర్చున్నా నూనె తేలదు, అలాంటప్పుడు రెండు చెంచాల నూనె మీరే వేసేయండి. పేస్ట్ రోట్లో నూరితే మంచిది. మిక్సీ అయితే నీళ్లు పోయకండి, వేగాల్సింది ఉడికిపోతుంది.

వాళ్ల కపి, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, నాకు దొరకనప్పుడు ఎండు రొయ్యలు తలలు తుంచి దోరగా వేయించి, పొడికొట్టి పేస్ట్‌లో కలుపుతాను. థాయ్ మనిషి ఒప్పుకోడేమో గానీ మా ఇంట్లో గిన్నె ఖాళీ అవుతుంది.

ఇదంతా తలనొప్పిగా ఉంటే ముందు రెండాంగ్‌తో మొదలెట్టండి. ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రా మినాంగ్‌కబావు వాళ్ల వంట అది. పేరుకి భయపడకండి, మన మటన్ ఇగురే అనుకోండి: కొబ్బరిపాలు, నూరిన మసాలా, నిమ్మగడ్డి, మాంసం అన్నీ కలిపి సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచితే పాలన్నీ ఇగిరిపోయి, చివరికి ఆ కొబ్బరినూనెలోనే ముక్కలు నల్లగా వేగుతాయి. ముందు ఉడకడం, తర్వాత వేగడం, కాబట్టి తప్పు చేయడం కూడా కష్టమే. మటన్‌తో మూడు గంటలు పట్టింది నాకు, ఆఖరి అరగంట మాత్రం గరిటె వదలకూడదు.

ఈ తడి లెక్క నాకు బాగా అర్థమైంది అరకులో బొంగు చికెన్ తిన్నప్పుడు. నూనె చుక్క ఉండదు, మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు, ముక్క తన నీళ్లలోనే ఉడుకుతుంది. మలేషియాలో, బోర్నియో దీవిలోని సారవాక్ వైపు ఇబాన్ తెగ వాళ్లు కూడా కోడిని నిమ్మగడ్డితో ఇలాగే వెదురులో చేస్తారు. అక్కడ తడి కావాలి, తందూరీకి తడి శత్రువు. ఏ వంటకి ఏది కావాలో ముందే అనుకుంటే మసాలా కొంచెం అటూఇటూ అయినా పర్వాలేదు.

మరిచాను, పట్టించిన ముక్కలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, మే నెల ఉక్కలో గట్టు మీద గంటలు గంటలు వదిలేయకండి. గిన్నెలో మిగిలిన పచ్చి మసాలా గ్రేవీలో పోస్తే బాగా తెర్లనివ్వండి.

కాఫిర్ లైమ్ ఆకుల కోసం ఊరంతా తిరగకండి. ఎండాకాలం మజ్జిగలో నలిపి వేసుకుంటాం కదా, ఆ దబ్బాకు రెండు లేతవి ఈనె తీసి, సన్నగా తరిగి దించే ముందు వేయండి. సరిగ్గా ఆ వాసన రాదు, దగ్గరగా వస్తుంది. నిమ్మగడ్డి అయితే కుండీలో పెట్టుకోండి, మా బాల్కనీలో ఉప్పుగాలికి గులాబీలు చచ్చాయి గానీ అది మాత్రం కోసే కొద్దీ పెరుగుతోంది. మీరు దగ్గర్లో ఉంటే ఒక దుబ్బు పీకి ఇస్తాను.