మొదటి ఉద్యోగం, మొదటి మొహమాటం

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను బి.కాం. పూర్తిచేసి, కృష్ణపట్నం ఓడరేవు పనులు చూసే ఒక రవాణా సంస్థ అకౌంట్సు విభాగంలో చేరాను. ఆఫీసు ముత్తుకూరులో ఉంది. నియామక పత్రంలో సంవత్సరానికి 1,93,620 రూపాయలని రాశారు. నెలకు పదహారు వేలు వస్తాయని నాన్నగారు బంధువులందరికీ చెప్పేశారు. తీరా నెలంతా పనిచేశాక బ్యాంకులో 12,215 రూపాయలే పడ్డాయి. ఇది మోసమా? అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మోసం కాదమ్మా. మీరు జతచేసిన పే స్లిప్పు చూశాను, లెక్క పైసాతో సహా సరిపోయింది. నియామక పత్రంలో ఉన్నది మీ జీతం కాదు, మీ కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. దాన్నే సీటీసీ అంటారు. మీ జీతం బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 14,000 రూపాయలు. దానిమీద 12 శాతం, అంటే 1,680 రూపాయలు, మీ వాటాగా ప్రావిడెంట్ ఫండుకు (పీఎఫ్) వెళ్తుంది. సంస్థ కూడా అంతే కడుతుంది. ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్ఐకి మీ వాటా 0.75 శాతం, అంటే 105 రూపాయలు. సంస్థ వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. సంస్థ కట్టే రెండు మొత్తాలనూ 14,000కు కలిపితే నాన్నగారు చెప్పిన పదహారు వేల చిల్లర వస్తుంది. మీ వాటాలను అదే 14,000లోంచి తీసివేస్తే బ్యాంకులో పడిన మొత్తం వస్తుంది. జీతం పదిహేను వేలు దాటితే మన రాష్ట్రంలో వృత్తి పన్ను కింద నెలకు 150, ఇరవై వేలు దాటితే 200 రూపాయలు కోస్తారు. మీకింకా ఆ బెడద లేదు.

కోసిన డబ్బు ఎక్కడికీ పోలేదు. మీ 1,680 మీ పీఎఫ్ ఖాతాలోనే చేరుతుంది. సంస్థ కట్టిన 1,680లో ఎక్కువ భాగం, అంటే జీతంలో 8.33 శాతం, పింఛను పథకానికి వెళ్లి మిగిలింది అదే ఖాతాలో పడుతుంది. ఈఎస్ఐ వల్ల మీకూ, మీమీద ఆధారపడిన అమ్మానాన్నలకూ వైద్యం అందుతుంది కనుక ఆ కార్డు తీసుకునేదాకా ఆఫీసులో అడుగుతూనే ఉండండి. ప్రొబేషన్ పూర్తయ్యాకే పీఎఫ్ కడతామని కొన్ని చోట్ల చెబుతారు. అది సరికాదు, చేరిన రోజు నుంచే కట్టాలి. సంస్థ నిజంగా జమచేస్తున్నదో లేదో ప్రభుత్వపు ఉమంగ్ యాప్‌లో మీ పాస్‌బుక్ తెరిచి మీరే చూసుకోవచ్చు.

ఇదంతా నన్ను అడిగే బదులు మీ పక్క బల్ల దగ్గరి మనిషిని అడిగి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. మీరు పనిచేస్తున్నది అకౌంట్సు విభాగంలోనే కదా!

ప్రశ్న: శ్రీసిటీలో ఒక కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో ట్రైనీగా చేరి రెండు వారాలయింది. ఇంతవరకూ ఎవరూ నాకు పని అప్పగించలేదు. సీనియర్లు హడావిడిగా తిరుగుతుంటారు, నేను నిలబడి చూస్తుంటాను. నేను అక్కరలేదని అనుకుంటున్నారా? వారిని ఏదైనా అడగాలంటే బెరుకుగా ఉంది.
— ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: అక్కరలేని మనిషికి ఏ సంస్థా జీతం ఇవ్వదు. కొత్తవాడికి పని చెప్పాలంటే ముందు నేర్పాలి, నేర్పాలంటే సీనియరు తన పని ఆపుకోవాలి. అందుకే మొదటి వారాలు ఇలా ఖాళీగా గడవడం చాలా చోట్ల మామూలే. ఈ రోజుల్లో మీరు కనిపెట్టవలసినవి కొన్ని ఉన్నాయి: ఏ వస్తువును ఎందుకు పక్కన పెడుతున్నారు, షిఫ్టు మారేటప్పుడు ఒకరు మరొకరికి ఏమి చెప్పి వెళ్తున్నారు, ఏ రిజిస్టరులో ఎవరు సంతకం చేస్తున్నారు. ఒక చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోండి. అర్థంకాని మాటలన్నీ రాసుకుని, భోజన విరామంలో ఒకే సీనియరును, ఒకేసారి, రెండు మూడు ప్రశ్నలు అడగండి. యంత్రం నడుస్తుండగా అడిగితే విసుక్కుంటారు. అదే మనిషి టీ తాగుతూ పావుగంట చెబుతాడు.

బెరుకు సంగతి నాకు బాగా తెలుసు. నా మొదటి ఉద్యోగం టంగుటూరులో ఒక పొగాకు వ్యాపారి గోదాములో, గుమాస్తాకు సహాయకుడిగా. బేళ్లను కాటా మీద పెట్టి కూలీ అంకె కేక వేసేవాడు, నేను రిజిస్టరులో రాసేవాణ్ణి. ఆ అంకెలో బేలుకు చుట్టిన గోనె పట్టా బరువు కూడా ఉంటుందనీ, దాన్ని తీసివేసి పక్క గడిలో నికర తూకం రాయాలనీ నాకు తెలియదు. ఆ పక్క గడి ఎందుకున్నదో అడగడానికి మొహమాటపడి, రెండు గడుల్లోనూ ఒకే అంకె వేస్తూ పోయాను. నాలుగో రోజు సాయంత్రం పెద్ద గుమాస్తా కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, పేజీలు వెనక్కి తిప్పి తిప్పి, "అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేంటయ్యా అబ్బయా?" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం లాంతరు ముందు కూర్చుని నాలుగు రోజుల లెక్కా తిరగరాశాం. ఆయన నాకంటే ఎక్కువ పేజీలు రాశాడు, పైగా ఆ సంగతి యజమానికి చెప్పలేదు. మొదటి నెలలో అడిగిన ప్రశ్నకు ఎవరూ నవ్వరు. అదే ప్రశ్న ఆరో నెలలో అడిగితే మాత్రం నవ్వుతారు.

మరొక మాట. మీ పత్రంలో ఉన్నది 'ట్రైనీ' అనా, అప్రెంటిస్‌ల చట్టం కింద 'అప్రెంటిస్' అనా అన్నది చూసుకోండి. రెండోదైతే మీకిచ్చేది జీతం కాదు, స్టైపెండు. దానిమీద పీఎఫ్ ఉండదు, గడువు ముగిశాక ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా పత్రంలో విడిగా ఉంటే తప్ప ఉండదు.

ప్రశ్న: గ్రానైటు ఎగుమతి చేసే ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. డిగ్రీ, పదో తరగతి అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంటున్నారు. రెండేళ్లలోపు మానేస్తే లక్ష రూపాయలు కట్టాలని బాండు కూడా రాయమంటున్నారు. రాయవచ్చునా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: సర్టిఫికెట్లు ఇవ్వకండి. అసలు ప్రతులు చూపించి, నకళ్ల మీద సంతకం చేసి ఇవ్వడం పద్ధతి. సరిచూసుకోవడానికి వారికి అది చాలు. తప్పనిసరై ఒకటి రెండు రోజులు ఇవ్వవలసివస్తే ఏవేవి తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో రాయించి, సంస్థ ముద్రతో రసీదు తీసుకోండి. రసీదు అడిగితే నొచ్చుకునే యజమాని దగ్గర అసలు ప్రతులు పెట్టడం మరీ ప్రమాదం.

బాండు సంగతి అంత సులువు కాదు. బాండ్లన్నీ చెల్లవని చాలామంది ధైర్యం చెబుతారు, దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు, అక్కడ మానేసినది ఒక అధికారి. కొత్తవారి నియామకానికి బ్యాంకు మళ్లీ దేశమంతటా ప్రకటన ఇచ్చి పోటీ జరిపించాలన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ విషయంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ లక్ష దేనికి? నిజంగా ఖర్చుపెట్టి శిక్షణ ఇస్తుంటే, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గేలా రాయమనండి. శిక్షణే లేకుండా లక్ష అడుగుతుంటే సంతకానికి ముందు ఒంగోలులో ఎవరైనా న్యాయవాదికి కాగితం చూపించండి. సంతకం చేసిన ప్రతి పత్రానికీ ఒక నకలు మీ దగ్గర ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. బాండు మాత్రం రాయించుకుని నియామక పత్రం తరువాత ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది. ఆఫీసులో పీఎఫ్ నంబరు ఇవ్వడం కుదరదంటున్నారు. ఏమి చేయాలి?
— ఒక పాఠకురాలు, దర్శి

జవాబు: ఇంటిపేరు ముందు రాసుకునే మనవారందరికీ ఉన్న చిక్కే ఇది. పీఎఫ్ కోసం ఇచ్చే పన్నెండు అంకెల యూఏఎన్ ఆధార్‌లో ఉన్న పేరుమీదే వస్తుంది. ఎన్ని ఉద్యోగాలు మారినా జీవితాంతం ఆ నంబరు ఒకటే. కనుక పొడి అక్షరంతో నంబరు తీసుకుని తరువాత దిద్దుకోవడం కంటే, వారం ఆలస్యమైనా ముందు ఆధార్ మార్పించుకోవడమే మేలు. మెమోలో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ దానికి సరిపెట్టండి. మెమోను మార్చడం వీటన్నిటికంటే కష్టం. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఉంటుంది. అందువల్ల ఆధార్ కేంద్రంలో ఆపరేటరు టైపు చేశాక ఇచ్చే చీటీలో ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీతో సహా ప్రతి అక్షరమూ మెమో పక్కన పెట్టి చూసుకోండి. వెనక వరుసలో వాళ్లు తొందరపెట్టినా సరే, చూశాకే సంతకం చేయండి.