మేనల్లుడికి లేఖ: విల్లు పట్టి అడవికి వెళ్లే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే అక్టోబరులో పెన్సిల్వేనియా అడవుల్లో తెల్లతోక జింకల వేటకు చక్రాలున్న ఆధునిక కాంపౌండ్ బో కాకుండా పాతకాలపు విల్లుతోనే వెళ్లాలని ఉందనీ, ఏ విల్లు కొనమంటారనీ ఫోనులో అడిగావు. అది రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా విల్లు బరువు సంగతి. ఇక్కడ బరువంటే తూకం కాదు. నారిని 28 అంగుళాల మేర లాగినప్పుడు వేళ్ల మీద పడే భారం. దానినే వింటి మీద పౌండ్లలో రాస్తారు. కాంపౌండ్ బోకు చక్రాలు ఉండటం వల్ల పూర్తిగా లాగిన తరువాత ఆ భారంలో చాలా భాగం తగ్గిపోతుంది. పాతకాలపు విళ్లయిన రికర్వ్ (కొనలు ముందుకు వంపు తిరిగినది)లోగానీ లాంగ్‌బో (పొడవాటి సాదా విల్లు)లోగానీ ఎంత లాగితే భారం అంత పెరుగుతుంది, గురి చూస్తున్నంతసేపూ అది నీ వీపు కండరాల మీదనే ఉంటుంది. నేను మొదట 55 పౌండ్ల విల్లు కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే కుడి భుజం పట్టేసింది. అది మానింది కానీ, భారం ఓర్చుకోలేక నారిని పూర్తిగా లాగకముందే వదిలేసే అలవాటు మాత్రం నన్ను రెండేళ్లు వదలలేదు. అందుచేత నువ్వు మూడు ముక్కలుగా విడదీయగల టేక్‌డౌన్ రికర్వ్‌ను, 30 పౌండ్ల లింబులతో (పిడికి పైనా కిందా వంగే రెండు కొమ్మలతో) తీసుకో. ఒళ్లు అలవాటుపడిన తరువాత పిడి అదే ఉంచి 40, 45 పౌండ్ల లింబులు మాత్రం మార్చుకోవచ్చు. పెన్సిల్వేనియాలో జింకల వేటకు 35 పౌండ్లకు తగ్గిన విల్లు చెల్లదు. ఈ నిబంధన రాష్ట్రానికో రకంగా ఉంటుంది కనుక ఏటా వచ్చే నియమాల పుస్తకం చదవకుండా వేరే రాష్ట్రానికి వెళ్లవద్దు. మొదటిసారి లైసెన్సు తీసుకునేవారికి అక్కడి గేమ్ కమిషన్ (వేటను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) శిక్షణ తప్పనిసరి. దానిని వేసవిలోనే పూర్తిచేసుకో.

నారి ఎక్కించేటప్పుడు స్ట్రింగర్ తాడు (విల్లును సమంగా వంచడానికి రెండు కొనలకూ తగిలించే తాడు) తప్పక వాడు. కాలికి అదిమి వంచితే లింబు మెలితిరుగుతుంది. బాణం లేకుండా నారిని లాగి ఎన్నడూ వదలవద్దు. బాణం తీసుకుపోవలసిన బలమంతా వింటి మీదనే పడి అది పగలవచ్చు. పాత విల్లు ఏదైనా చవకగా దొరికితే దానికి కాస్త సాగే డాక్రాన్ దారపు నారే కట్టు. సాగని కొత్తరకం నారులు పాత వింటి కొనలను విరగ్గొడతాయి.

బాణానికి తగిన బిరుసు ఉండాలి. వేళ్లతో వదిలిన బాణం తిన్నగా పోదు. పిడి పక్కగా పాములా వంగి, ఆ తరువాత సర్దుకుంటుంది. బిరుసు కుదరకపోతే నీ గురి ఎంత మంచిదైనా బాణం ఏదో ఒక పక్కకే పోతుంది. పింజకు ప్లాస్టిక్ వద్దు, ఈకలే ఉండాలి. పిడిని రాసుకుంటూ పోయేటప్పుడు అవి ఒదిగిపోతాయి. వింటి పౌండు ఒక్కింటికి పది గ్రెయిన్ల (బాణం తూకానికి వాడే చిన్న కొలత) చొప్పున, అంటే 42 పౌండ్లకు 420 గ్రెయిన్ల బాణం వేటకు సరిపోతుంది. ములికి రెండంచులది చాలు, కానీ పదును మంగలికత్తిలా ఉండాలి.

మొదటి నెలంతా ఐదడుగుల దూరంలో గడ్డిమోపు పెట్టుకుని, గురి మాట తలపెట్టకుండా, లాగడం, నిలపడం, వదలడం మాత్రమే సాధన చేయి. ఆ తరువాత పది గజాలకు వెళ్లి తొమ్మిదంగుళాల కాగితపు పళ్లెం పెట్టు. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. ప్రతి ఉదయం ఒళ్లు వేడెక్కకముందు వేసే మొదటి బాణాన్నే లెక్కలోకి తీసుకో, ఎందుకంటే అడవిలో నీకు దొరికేది ఆ ఒక్క బాణమే. అది ఎంత దూరం వరకు తప్పకుండా పళ్లెంలో పడుతుందో అదే నీ హద్దు. ఇన్నేళ్ల తరువాత కూడా నా హద్దు 18 గజాలు.

ఆ హద్దును నేను ఒకసారి దాటాను. ఇరవయ్యేడు గజాల దూరంలో ఒక ఆడజింక తల వంచి మేస్తోంది, గాలి కూడా నాకు అనుకూలంగా ఉంది. మన వింటి బాణం సెకనుకు దాదాపు 170 అడుగులు పోతుంది, శబ్దం 1100 అడుగులకు పైగా పోతుంది. ఆ 81 అడుగులు దాటడానికి బాణానికి అర సెకను పట్టింది; నారి చప్పుడు అంతకు ఎంతో ముందే జింకను చేరింది. అది ఉలిక్కిపడి కుంగి తిరగబోయింది, బాణం పొట్టలో దిగింది. కడుపులో తగిలిన జింకను ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదిలించకూడదు. దానిని విడిచిపెడితే దగ్గరలోనే పడుకుంటుంది. నేను ఆత్రంగా అరగంటలోనే వెంటపడ్డాను. అది లేచి వెళ్లిపోయింది, రాత్రి వాన కురిసి నెత్తురు జాడ చెరిగిపోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఆ బాధ నీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను. పక్కకు తిరిగి నిలిచిన జింక మీదనో, తోక నీవైపు ఏటవాలుగా ఉంచి నిలిచిన జింక మీదనో మాత్రమే బాణం వేయి. ఎదురుగా చూస్తున్న దానిని పోనీయి. తగిలిన చోట బుడగలతో గులాబీరంగు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపైతే కాలేయం; నాలుగైదు గంటలైనా ఆగు.

కనుక ఈ వేటలో అసలు విద్య దగ్గరకు చేరడమే. 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ దగ్గర బయటి ప్రపంచంలోకి వచ్చిన యాహి తెగ మనిషి ఇషి దగ్గర శాక్స్‌టన్ పోప్ అనే వైద్యుడు విలువిద్య నేర్చుకున్నాడు. ఇషి దూరపు గురికి కాక, చప్పుడు లేకుండా చేరువయ్యే నేర్పుకే ప్రాధాన్యమిచ్చేవాడు. మన నల్లమల చెంచుల పెద్దల నేర్పూ అటువంటిదే. అయితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశంలో వన్యప్రాణుల వేట నేరం. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఈ ముచ్చట లక్ష్యాల వరకే ఉంచుకో.

చెట్టు మీద మంచె కట్టుకుంటే నేల మీద ఉన్నప్పుడే ఒంటినిండా హార్నెస్ (జారినా పడిపోకుండా ఆపే పట్టీలు) తగిలించుకుని ఎక్కు. విల్లును తాడుతో పైకి లాక్కో, చేత పట్టుకుని ఎక్కవద్దు.

నా దగ్గర 30 పౌండ్ల లింబులు ఒక జత వాడకుండా ఉన్నాయి. పిడి కొనేటప్పుడు అవి దానికి సరిపోతాయో లేదో నన్ను అడిగి కొను. మార్చిలో వస్తే గడ్డిమోపు పెరట్లో సిద్ధంగా ఉంచుతాను.

నీ మామయ్య