సరిహద్దు టూర్‌కి వెళ్ళే ముందు

సఖినేటిపల్లి

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్న సియోల్ వచ్చినప్పుడు ఉత్తర కొరియా సరిహద్దు చూపించడానికి టూర్ బుక్ చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. తప్పకుండా తీసుకెళ్ళు. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేసేటప్పుడు మేమూ చూసొచ్చాం కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముగ్గురూ ఒరిజినల్ పాస్‌పోర్టులే పట్టుకెళ్ళండి, ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు. ఇమ్జిన్ నది వంతెన దగ్గర సైనికుడు బస్సెక్కి ఒక్కొక్కరి మొహం చూసి సరిపోల్చుకుంటాడు. మీ అమ్మ కంగారు పడుతుంది, ముందే చెప్పి ఉంచు. సోమవారం టూర్లు ఉండవు. మిగతా రోజుల్లో కూడా సైన్యం వద్దంటే అప్పటికప్పుడు ఆపేస్తారు, అందుకని వాళ్ళ తిరుగు ప్రయాణం ముందురోజుకి పెట్టుకోకు. రెండు వైపుల వాళ్ళూ చర్చలకి కూర్చునే పన్‌ముంజొమ్‌లో నీలం షెడ్ల దాకా వెళ్ళే టూర్ వేరు, దానికి అనుమతులు కష్టం. దాని కోసం పట్టుబట్టకు.

సరిహద్దు కింద బయటపడ్డ వాటిల్లో మూడో సొరంగం చూపిస్తారు, దాంట్లోకి మీ అమ్మని దింపొద్దు. దక్షిణం మీదికి సైన్యాన్ని పంపడానికి ఉత్తరం వాళ్ళు రహస్యంగా తవ్వితే 1978లో బయటపడింది. 73 మీటర్ల లోతు. దొరికిపోయాక అది బొగ్గు గని అని బుకాయించారు, రాతి గోడలకి నల్లరంగు కూడా పూశారు. చూడదగ్గదే, కాదనను. కానీ ఏటవాలు దారి, దిగేటప్పుడు ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. ఆవిడ మోకాళ్ళకి ఆ పని వద్దు. నాన్న వెళ్తే హెల్మెట్ తియ్యొద్దని చెప్పు, ఆయన పొడుగుకి పైకప్పు తగులుతుంది. లోపల ఫొటోలు తియ్యనివ్వరు.

అసలు చెప్పాలనుకున్నది సరిహద్దు దగ్గర్లో ఉన్న ఇమ్జింగక్ అనే పార్కు గురించి. చాలా బస్సులు అక్కడ టికెట్ల కోసం ఆగి, కాసేపు తిరగనిచ్చి ఎక్కించేస్తాయి. అక్కడ ఎక్కువసేపు ఆపే టూర్ చూసి బుక్ చెయ్యి, నాలుగు డబ్బులు ఎక్కువైనా పరవాలేదు.

మన రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో నర్సాపురంలో ఉంటాం కదా. ఒక రోజు ఆ పంటు ఆగిపోయి, నర్సాపురంలో ఉన్న మీ మేనత్త బతికుందో లేదో డెబ్భై ఏళ్ళుగా మనకి తెలియలేదనుకో. అక్కడి వాళ్ళకి జరిగింది అదే. కొరియా యుద్ధంలో 1953 జులై 27న కాల్పులు ఆపడానికి ఒప్పందం చేసుకున్నారు. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. మధ్యలో నాలుగు కిలోమీటర్ల వెడల్పున, దాదాపు 250 కిలోమీటర్ల పొడవున నేల వదిలేశారు. ఎటువాళ్ళు అటే ఉండిపోయారు. అయినవాళ్ళని కలపమని దక్షిణంలో లక్షా ముప్పై వేల మందికి పైగా పేర్లు రాయించుకుంటే, ఎక్కువమంది ఎదురుచూస్తూనే పోయారు. ముఖాముఖి కలిపించడం 2018 తర్వాత జరగలేదు.

ఇమ్జింగక్‌లో మంగ్‌బేదన్ అని ఒక రాతి వేదిక ఉంటుంది. సొంత ఊరికి పోలేని వాళ్ళు పండగలకి అక్కడికొచ్చి ఉత్తరం వైపు తిరిగి పెద్దలకి సాష్టాంగపడతారు. అక్కడ అమ్మానాన్నల్ని నిలబెట్టి ఫొటో తీసేసి వచ్చెయ్యకు, ఈ సంగతి చెప్పు. దగ్గర్లోనే యుద్ధంలో ఆగిపోయిన ఆవిరి ఇంజను పెట్టారు. ఒళ్ళంతా తుప్పు, వెయ్యికి పైగా తూటా రంధ్రాలు. కొన్నిచోట్ల రేకు లోపలికి ముడుచుకుపోయి ఉంటుంది. మీ నాన్న రైల్వేలో చేసినవాడు, ఆయన్ని అక్కణ్ణించి తొందరపెట్టకు.

ఉత్తరం వైపు చూడటానికి కట్టిన దోరా అబ్జర్వేటరీలో బైనాక్యులర్ పెట్టి చూస్తే అవతలి ఊరు, 160 మీటర్ల జెండా కర్ర కనిపిస్తాయి. పొలాల్లో మనుషులు కనిపించినా కనిపించొచ్చు. అక్కడ కొందరు కేకలేస్తూ వాళ్ళని చూపించుకుంటుంటారు, నాకు చాలా బాధేసింది. మీరు అలా చెయ్యకండి. ముళ్ళకంచె ముక్కలు జ్ఞాపికలని అమ్ముతారు, కొనొద్దు.

గైడ్ మైకులో ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతాడు, మీ అమ్మకి అందదు. బస్సులో ఆవిడ పక్కన నువ్వే కూర్చో. ముందురోజు రాత్రే ఇద్దరికీ కథంతా మన భాషలో చెప్పి పెట్టు.

మీ పెదనాన్న