మోడల్ విమానాలకు రంగు వేయడానికి తక్కువ ఖర్చులో ఏ ఎయిర్‌బ్రష్, ఏ కంప్రెసర్ కొనాలి?

1/72, 1/48 స్కేలు (అసలు విమానంలో 72వ, 48వ వంతు) విమానాలకు రంగు వేయాలి, బడ్జెట్ తక్కువ, కంప్రెసర్‌తో పాటు మూడు ఎయిర్‌బ్రష్‌లు (గాలితో రంగును తుంపరగా చల్లే పెన్నులాంటి పరికరాలు) కలిపి ఇచ్చే చవక సెట్టు కొనాలా లేక విడివిడిగా కొనాలా అని కదా మీరు అడిగింది. విడివిడిగానే కొనండి. కంప్రెసర్ దగ్గర పేరు చూడక్కర్లేదు, బ్రష్ దగ్గర మాత్రం తప్పకుండా చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. యంత్రం పెద్దది కాబట్టి డబ్బంతా దానికి పెట్టేసి, పెన్నంత బ్రష్‌కి ఏదైతే ఏంటిలే అనుకుంటారు.

కంప్రెసర్ పని గాలిని నొక్కి పంపడం, అంతే. ఆ గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర పెడితే 15 దగ్గరే నిలబడాలి. నేను వాడేది ఏఎస్-186 రకం. ఆయిల్ పోయక్కర్లేని పిస్టన్ మోటారు, కింద 3 లీటర్ల ట్యాంకు, పక్కన ఒత్తిడి సరిచేసే రెగ్యులేటర్, దానికే తేమ పట్టే ఫిల్టర్. ఇదే డిజైను రకరకాల పేర్లతో దొరుకుతుంది. స్టిక్కర్ మారుతుంది గానీ లోపల దాదాపు ఒకటే. ట్యాంకులో ఒత్తిడి సుమారు 4 బార్ (దాదాపు 58 పీఎస్ఐ) చేరగానే మోటారు ఆగుతుంది, 3కి దిగితే మళ్లీ మొదలవుతుంది.

ట్యాంకు విషయంలో మాత్రం బేరమాడకండి. అది లేకపోతే పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా గొట్టంలోంచి బ్రష్ దాకా వస్తుంది. రెక్కకు బేస్ కోటు వేసేటప్పుడు తెలియదు, సన్నటి గీత గీసేటప్పుడు అది పూసలు పూసలుగా పడుతుంది. పైగా మోటారు ఆగకుండా తిరిగి వేడెక్కిపోతుంది. ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న, బ్రష్ కిందే తగిలించుకునే బ్యాటరీ కంప్రెసర్లదీ ఇదే ఇబ్బంది. చేతికి బరువు కూడా. డబ్బాల్లో వచ్చే గాలి జోలికి అసలు పోవద్దు. లోపలి ద్రవం ఆవిరయ్యే కొద్దీ డబ్బా చల్లబడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, సగం రెక్క దగ్గర చెయ్యిస్తుంది. అది అయిపోతే ఇంకోటి కొనాలి. అలా కొన్న డబ్బాల ఖర్చు కంప్రెసర్ ఖర్చును దాటడానికి ఎంతో కాలం పట్టదు.

నీటి సంగతి కూడా చెప్పాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, ట్యాంకులోనూ గొట్టంలోనూ చల్లబడేటప్పుడు అందులోని తేమ నీరవుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఫిల్టర్ గిన్నెలో నీళ్లు కంటికి కనిపిస్తాయి. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర విప్పి ఆ నీరు వదిలేయండి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది.

ఇక బ్రష్. రంగు ఎంత సన్నగా, ఎంత నున్నగా పడుతుందన్నది రెండు చిన్న ముక్కల చేతిలో ఉంది: సూది మొన, నాజిల్ రంధ్రం. ఈ రెండూ ఒకదానికొకటి సరిగ్గా అమరేలా చెక్కడమే కష్టమైన పని, బ్రాండుకు ఇచ్చే డబ్బంతా దానికే. సెట్టులో వచ్చే పేరులేని బ్రష్‌లలో ఒకటి బాగుంటుంది, దాని పక్కదే రంగును చుక్కలుగా ఉమ్మేస్తుంది. నాజిల్ ఆవగింజంత ఉంటుంది, కొంచెం గట్టిగా బిగిస్తే మర దగ్గర విరుగుతుంది. విరిగితే విడిగా దొరకాలి కదా! అందుకే ఏ బ్రష్ కొనేముందైనా దాని నాజిల్, సూది విడిగా అమ్ముతున్నారో లేదో చూసుకోండి.

డ్యూయల్ యాక్షన్ తీసుకోండి, అంటే ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. నేర్చుకోవడానికి కొంచెం సమయం పడుతుంది గానీ సింగిల్ యాక్షన్‌తో మొదలుపెట్టినవాళ్లు ఎలాగూ దీనికే వస్తారు. కప్పు పైనుండే గ్రావిటీ ఫీడ్ అయితే నాలుగు చుక్కల రంగుతోనూ పని జరుగుతుంది, తక్కువ ఒత్తిడి చాలు. కింద సీసా తగిలించే రకం పెద్ద మోడళ్లకు బాగుంటుంది, మీకు అవసరం లేదు.

నాజిల్ 0.3 మి.మీ. చాలు. సన్నటి పని అనగానే అందరూ 0.2 వైపు చూస్తారు, కానీ దానికి మెటాలిక్ రంగులు, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) తరచూ అడ్డుపడతాయి. 1/72 మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109 (రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ యుద్ధవిమానం) పక్కల మీద ఉండే మచ్చల కామఫ్లాజ్‌ను కూడా 0.3తో వేయొచ్చు, రంగు బాగా పల్చగా ఉండాలి, ఒత్తిడి 10-12 పీఎస్ఐకి దించాలి, మొన మోడల్‌కి బాగా దగ్గరగా పట్టుకోవాలి. జీఎస్ఐ క్రియోస్ వారి ప్రోకాన్ బాయ్ పీఎస్-289 (0.3), ఇవాటా నియో సీఎన్ (0.35) ఈ తరహావే. బ్యాడ్జర్ పేట్రియాట్ 105 మొండిది, శుభ్రం చేయడం తేలిక, కానీ నాజిల్ 0.5, 1/32 చేసేవాళ్లకు ఇంకా నప్పుతుంది. దాని గొట్టం మర మిగతావాటి 1/8 అంగుళం మరతో కలవదు, అడాప్టర్ కావాలి.

లాకర్ రంగులు (ఘాటైన సాల్వెంట్‌తో చేసినవి) వాడే ఉద్దేశం ఉంటే లోపలి సీళ్లు టెఫ్లాన్ అనే పీటీఎఫ్ఈవో కాదో అడగండి. మామూలు రబ్బరు లాకర్ థిన్నర్‌కు (రంగును పల్చన చేసే ద్రవం) ఉబ్బిపోతుంది, ట్రిగ్గర్ బిగుసుకుంటుంది.

బ్రష్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి రంగు చిక్కదనానివి. పాలంత పల్చగా ఉండాలి, కప్పు గోడ మీద జారితే సన్నటి పొర మిగలాలి. టామియా ఎక్స్ఎఫ్ రంగుల్లో మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ కలిపితే ఎంత నున్నగా పడతాయో, నాకు అదే ఇష్టం. వయేహో మోడల్ ఎయిర్ లాంటి నీటి ఆధారిత రంగులు వాసన తక్కువ, కానీ సూది మొన మీదే ఆరిపోతుంటాయి. రంగు సాఫీగా పారేలా చేసే ఫ్లో ఇంప్రూవర్ రెండు చుక్కలు వేసి, మధ్యమధ్యలో థిన్నర్‌లో తడిపిన మామూలు కుంచెతో మొన తుడుస్తూ ఉండాలి. అల్‌క్లాడ్ లాంటి లోహపు రంగులకు మెరిసే నలుపు బేస్ వేసి, 12-15 పీఎస్ఐతో పల్చటి పొరలు వేయండి.

బడ్జెట్‌లో రెస్పిరేటర్ (ఫిల్టర్లున్న మాస్కు)కి చోటు ఉంచండి, థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు ఉన్నది. దుమ్ము మాస్కు రంగు తుంపరను ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. నీటి రంగులైనా సరే, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు; కిటికీ బయటికి తోసే ఫ్యాన్ ఒకటి ఉండాలి.

రెండూ ఒకేసారి కుదరకపోతే ముందు ట్యాంకున్న కంప్రెసర్ తీసుకుని, దానికి చవకైన 0.3 బ్రష్ ఒకటి తగిలించి పాత ప్లాస్టిక్ ముక్కల మీద చేయి తిప్పుకోండి. మంచిది కొన్నాక ఆ చవకదాన్ని పారేయకండి. ప్రైమర్‌కి, చివర్లో వేసే వార్నిష్‌కి దాన్నే వాడితే మంచి సూది అరుగుదల తగ్గుతుంది.